దాలమ్మకు బెంగాలీ వచ్చు

దేశంలో నిరుద్యోగం పోవాలంటే ఫ్యాక్టరీలు తెరవక్కర్లేదు, గుర్రాలకు మనసు పాడైతే చాలు! నవ్వకండి. బెంగాలీల గడ్డ మీద, లిలువాలో ఉండే మన గోపీనాథ్‌ని చూసి మాట్లాడండి.

బీకాం ప్యాసై, పదకొండేళ్లుగా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి కార్డు రెన్యువల్ చేయించుకుంటున్న మనిషి గోపీనాథ్. వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. వీడు ఉద్యోగంలో చేరకుండానే రిటైరయ్యేలా ఉన్నాడు. ఒకనాడు మంగలిషాపులో పాత ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే, విదేశాల్లో గుర్రాల ప్రవర్తనకు సలహాదారులుంటారని కనబడింది. వారం తిరక్కుండా కార్డులు అచ్చేయించాడు: 'హార్స్ బిహేవియర్ కన్సల్టెంట్'. అప్పటికి అతడు గుర్రాన్ని తాకింది ఒక్కసారే, అదీ పెళ్లి ఊరేగింపులో. అయితే ఏం? వ్యవసాయం మీద సలహాలిచ్చే పెద్దలంతా నాగలి పట్టారా?

అదృష్టం చూడండి! సరిగ్గా అప్పుడే గోపీనాథ్ మేనమామ గవరయ్యకు మలేరియా పట్టింది.

గవరయ్యది శ్రీకాకుళం వైపు. కాపురం ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో. రేసుగుర్రాలను కడిగి, మేపి, మాలిష్ చేసే పని, ఇరవయ్యారేళ్లుగా ఒకటే లాయంలో. యజమాని సేన్ బాబుగారి 'డాలీ' అనే ఆడగుర్రాన్ని పిల్లప్పట్నుంచీ పెంచి, దాలమ్మ అని పిలుచుకునేవాడు. అతను మంచం పట్టిన పది రోజులూ దాలమ్మ ఎవర్నీ కాలు ముట్టుకోనివ్వలేదు. నాడాలు కొట్టేవాడు తన్ను తిని ఇంటికెళ్లిపోయాడు. రేసు దగ్గరపడింది. గవరయ్యని అడగొచ్చు కదా అంటారా? చాల్లెండి! జీతగాణ్ణి అడిగితే సమస్యకు గౌరవమేముంటుంది? సేన్ బాబు కన్సల్టెంటును పిలిపించాడు.

కన్సల్టెంటు ఆ సాయంత్రమే మేనమామ ఇంట్లో తేలాడు.

"మావా, మీ డాలీకేదో మానసిక రోగంలా ఉంది."

గవరయ్య దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "దానికి రోగవేటిరా! నాను రోజూ మెడ మీద సెయ్యేసి 'ఏటి దాలమ్మా, ఏటి' అని అడుగుతాను. అడిగితే కాలెత్తుతాది. ఎవులూ అడక్కపోతే ఎందుకెత్తుతాది?"

మర్నాడు గోపీనాథ్ టోపీ పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుర్రం చెవిలో "ఏటి" అన్నాడు. కాలు లేచింది!

సేన్ బాబుకి ఒళ్లు పులకరించింది. బెంగాలీలో 'ఎటి' అంటే 'ఇది' అని. "ఎటి! ఆమార్ ఘోడా బాంగ్లా బోఝే!" అని గంతేశాడు. తన గుర్రానికి బెంగాలీ వచ్చని ఆయనకు తేలిపోయింది.

అది మా మావ తెలుగండీ అని చెప్పాలా? చెబితే కెరీరుంటుందా? గోపీనాథ్ "ఠీక్ దాదా" అన్నాడు. ఆయన అన్నదే టైపు కొట్టించి రిపోర్టిచ్చాడు: గుర్రానికి పుట్టుకతోనే బెంగాలీ సంస్కారం ఉంది, పనివాడి పరాయి భాషతో దాని మనసు నలిగిపోతోంది, పనివాణ్ణి మార్చవలెను.

జ్వరం తగ్గి పనికెళితే గవరయ్యకు గేటు తీయలేదు. యూనియన్ ఆఫీసుకు పోయాడు. కమిటీ ముందు అమెరికాను ఖండించింది, తర్వాత ఢిల్లీని ఖండించింది, గవరయ్య వంతు వచ్చేసరికి కరెంటు పోయింది.

రేసు రోజు వచ్చింది. గుర్రాలను జనం ముందు తిప్పుతున్నారు. "ఎటి కార్?" అన్నాడొకడు, ఇదెవరిదని. దాలమ్మ కాలెత్తింది. "ఎటి, ఎటి!" అంటూ పదిమంది వేళ్లు చూపించారు. ఎత్తిన కాలు దించితే ఒట్టు! మిగతా గుర్రాలు పందేనికి వెళ్లిపోయినా, అది మూడు కాళ్ల మీద నిలబడి గుంపులో ఎవరికోసమో వెతుకుతోంది.

సేన్ బాబు మండిపడి మళ్లీ కన్సల్టెంటునే పిలిచాడు. పిలవడూ మరి! మొదటి సలహా పాడుచేసినదాన్ని బాగుచేయడానికి రెండో సలహా కావాలి కదా. ఇంత నిలకడైన ఉద్యోగం సర్కారులో మాత్రం ఉందా?

గోపీనాథ్ సందేశ్ మిఠాయి పెట్టె పట్టుకుని వాట్‌గంజ్ వెళ్లాడు. రేవులో బస్తాలు మోసి వచ్చిన గవరయ్య గుమ్మంలో కూర్చుని భుజానికి కాపడం పెట్టుకుంటున్నాడు. మేనల్లుడి టోపీ చూశాడు, పెట్టె చూశాడు.

"ఏటి?" అన్నాడు.

గడప మీద పెట్టబోయిన కాలు గోపీనాథ్ పైకెత్తి అలాగే ఉంచేశాడు. "అదే మావా... దాలమ్మ మళ్లీ..." అని నసిగాడు.

"పది రోజులు జొరంతో పడున్నానురా," అన్నాడు గవరయ్య. "నువ్వొచ్చినావు. గుర్రానికేటని అడిగినావు. నాకేటని అడిగినావా?"