మూడు చెంచాల తీర్పు

ఆ ఉదయం విమర్శకుడుగారి పథకం చాలా సులువైనది. మధ్యాహ్నానికి హోటల్ వంటగది చేరడం, అరవై మందికి గుమ్మడికాయ సూప్ కాచడం, సాయంత్రం చప్పట్లు అందుకోవడం. పిల్లల ఆసుపత్రికి విరాళాల కోసం పెట్టిన ఆ విందులో వండేవాళ్ళందరూ పత్రికల్లో హోటళ్ళ వంటలమీద దుమ్మెత్తిపోసేవాళ్ళే. తినేవాళ్ళలో సగం మంది ఆ దుమ్ము కళ్ళలో పడ్డ వంటవాళ్ళు.

పైగా ఓ పందెం. ఆ హోటల్ వంటమాస్టర్‌కి ఉప్పుతో పరిచయమే లేదని ఆయన పోయిన నెలే రాశారు. మాస్టర్ ఊరుకుంటాడా? ఫోన్ చేశాడు. "మీ సూప్ గిన్నెలు ఖాళీగా తిరిగొస్తే ఆ సమీక్షకి ఫ్రేము కట్టించి మా గుమ్మంలో తగిలిస్తా. మిగిలితే మాత్రం 'నాకు వంట రాదు' అని మీ శీర్షికలోనే రాయాలి సార్!" ఆయన ముందూ వెనకా చూడకుండా సరేనన్నారు. పాతికేళ్ళ పరువు అలా పొయ్యిమీదికెక్కింది.

"అసలు స్టవ్ వెలిగించడం వచ్చా మీకు?" అంది భార్య, హోటల్ వంటగదిలో గుమ్మడికాయ తరుగుతూ. బళ్ళో సెలవు పెట్టి మరీ సాయానికొచ్చింది పాపం.

"పాతికేళ్ళుగా తింటున్నానోయ్!"

"నేనూ పాతికేళ్ళుగా బస్సెక్కుతున్నా. తోలమంటే తోలతానా?"

నాలుగింటికి సూప్ కుదిరింది. నిజంగానే కుదిరింది, ఎందుకంటే కాచింది ఆవిడ. ఆవిడ గిన్నెలు సర్దడానికి హాల్లోకి వెళ్ళగానే ఈయనలోని విమర్శకుడు నిద్రలేచాడు. ఆయనకో వృత్తి నియమం ఉంది. మూడు చెంచాలు తాగందే తీర్పు చెప్పరు. మొదటిది పరిచయానికి, రెండోది అనుమానానికి, మూడోది తీర్పుకి. తాగారు. ఉప్పు చాలదన్నారు, వేశారు. మళ్ళీ మూడు. మిరియాలు చాలవన్నారు. మరో మూడు. ఇంకాస్త చిక్కబడాలని మంట పెంచితే సగం సూప్ ఆవిరై పైకప్పుకి చేరింది.

పక్క పొయ్యిల దగ్గరున్న తోటి విమర్శకులు నలుగురూ వాసన పట్టి వచ్చారు. ఒకాయన నిమ్మరసం పిండాలన్నాడు. ఇంకొకాయన పిండితే నాశనమన్నాడు. వాదన తేలాలంటే రుచి చూడాలి కదా! చెంచాలతో తేలక గిన్నెలు తెచ్చుకున్నారు.

భార్య తిరిగొచ్చేసరికి గరిటె గుండిగ అడుగున గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అయ్యయ్యో! సూప్ ఏదండీ?"

"అద్భుతంగా ఉందే!" అన్నారాయన మూతి తుడుచుకుంటూ. అప్పుడు గుండిగలోకి తొంగి చూశారు. "కొంప మునిగింది! ఇక ఆ మాస్టర్ ముందు తలెత్తుకునేదెలా?"

"తల సంగతి తర్వాత. ముందు ఆ కాఫీ కప్పులు దించండి."

అడుగున మిగిలినదాన్నే కప్పుకి రెండు చెంచాల చొప్పున పోసి, పైన ఒక్కో కొత్తిమీర ఆకు వేసి పంపారు. అరగంటలో కప్పులు తిరిగొచ్చాయి. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు. కొన్నిట్లో వేలు పెట్టి నాకిన గుర్తులు కూడా ఉన్నాయి. విమర్శకుడుగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఫ్రేము ఏ రంగులో ఉంటే బావుంటుందా అని ఆలోచిస్తుండగా మాస్టర్ వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను సార్. హాలంతా ఒకటే మాట. రుచి చూడమని పంపిన కప్పులు అదిరిపోయాయి! అందరూ చెంచాలు పట్టుకుని కూర్చున్నారు. ఇక సూప్ పంపించండి."

ఆయన భార్య వైపు చూశారు.

"నన్ను చూస్తారేం? తాగినవాళ్ళే వెళ్ళి చెప్పుకోండి" అంది ఆవిడ.

ఆయన వెళ్ళి మైకు పట్టుకున్నారు. "సూప్ బాగా కుదిరింది. మరీ బాగా కుదరడంతో... మేమే తాగేశాం. కాచింది కూడా నేను కాదు, మా ఆవిడ."

హాలు గొల్లుమంది. మాస్టర్ నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడ్డాడు. "కప్పులైతే ఖాళీగానే వచ్చాయిగా సార్! లెక్కప్రకారం పందెం మీదే."

అంత పెద్ద మనసు చూసి విమర్శకుడుగారికి సిగ్గేసింది. ఉప్పు గురించి తను రాసిన మాటలన్నీ గుర్తొచ్చాయి. "వద్దు మాస్టారూ, రాయాల్సింది నేనే" అన్నారు.

ఆ ఆదివారం శీర్షికలో ఒక్క వాక్యమే అచ్చయింది: "నాకు వంట రాదు." పాతికేళ్ళలో ఆయన రాసినవాటిలో పాఠకులెవ్వరూ కాదనని మాట అదొక్కటే.