నా బెంగల మీద పరిశోధన జరిగింది

ఇంటికి కుళాయి ఎంత అవసరమో, ఒక యూనివర్సిటీ ప్రొఫెసరు కూడా అంతే అవసరం. ఇది సరదాకి అంటున్న మాట కాదు. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ప్రొఫెసర్ల మీద పరాచికాలాడితే ఏ కొంప మునుగుతుందో అన్న భయం నాకుంది!

మా ఊరి యూనివర్సిటీలో ప్రతి శనివారం సాయంత్రం ప్రొఫెసర్లు తమ పరిశోధనల్ని మామూలు జనానికి చెబుతారు. మన రోజువారీ బతుకు, మన సమాజం, అన్నీ కొలిచి పెట్టారు. ప్రవేశం ఉచితం. ఏసీ కూడా ఉంటుంది. నేను మంటలార్పే సిలిండరు ఎక్కడుందో చూసుకుని, తలుపు పక్క కుర్చీలో కూర్చుంటాను.

ఎన్ని తెలుసుకున్నానో! లిఫ్టు ఎక్కిన మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోరట, అంకెల వైపు చూస్తారట. ఇది తేల్చడానికి నాలుగేళ్లు, ముగ్గురు ప్రొఫెసర్లు, పదకొండు లిఫ్టులు! చుట్టాలు "ఇక వెళ్తాం" అన్నాక గుమ్మం దాటడానికి సగటున ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుందట. ఇది తెలియక ఇన్నేళ్లూ గుమ్మం దగ్గర నిలబడి కాళ్లు పీక్కుపోయేలా చేసుకున్నాను. ఇప్పుడక్కడ కుర్చీ వేసుకున్నాను. ఇది సైన్సు కాక మరేమిటి?

కళ్లెదుట ఉన్న కత్తెర మగవాళ్లకు కనిపించకపోవడం చూపులోపం కాదనీ, ఇంటిపనుల పంపకంలో వచ్చిన సామాజిక సమస్య అనీ ఒక పెద్దాయన తేల్చారు. మా వారు పొంగిపోయారు. "చూశావా, తప్పు నాది కాదు, సమాజానిది" అన్నారు. ఆ సమాజానికి కత్తెర వెతికిపెట్టింది మాత్రం నేనే.

ఇంత మేలు చేసేవాళ్లను "తెలిసిందే చెబుతారు" అని కొందరు ఆడిపోసుకుంటారు. తెలిసిన సంగతి మనం చెబితే సణుగుడు, వాళ్లు చెబితే పరిశోధన. తేడా లేదూ?

ఆ తేడా నాకు బాగా తెలిసొచ్చింది 'తల్లుల ఆందోళన' మీద ఉపన్యాసం రోజున. మా అమ్మాయే దగ్గరుండి తీసుకెళ్లింది. ఉద్యోగం వచ్చాక అది ఆఫీసుకు దగ్గరగా గది తీసుకుని ఉంటోంది. నేను రోజుకు ఏడెనిమిది సార్లు ఫోన్ చేసేదాన్ని. తక్కువేనని నా అభిప్రాయం. వేదిక మీద ప్రొఫెసరమ్మ మాత్రం, రోజుకు ఒక్క ఫోన్ చాలని, అంతకు మించితే పిల్లలు మనసు విప్పి మాట్లాడరని గ్రాఫు వేసి చూపించింది.

"విన్నావా? రేపట్నుంచి ఒక్క ఫోనే" అంది మా అమ్మాయి.

"ఒక్కటా! పొద్దున చేస్తే సాయంత్రం సంగతేంటే?"

"నేను చెప్తే వినవు కదా. ఇప్పుడు ప్రొఫెసర్ చెప్పింది. ఇంకేం మాట్లాడకు."

ఏం మాట్లాడతాను? కాదనడానికి నా దగ్గర గ్రాఫు లేదు.

అందుకే ఆ ప్రొఫెసరమ్మ కొత్త పరిశోధనకు నా పేరిచ్చాను. నెల రోజులపాటు మన భయాలన్నీ ఒక పుస్తకంలో రాయాలి. పక్కనే 'జరిగిందా?' అన్న ప్రశ్న, 'అవును', 'లేదు' అని రెండు గడులు. నా భయాలు చూశాక ఆవిడ మనసు కరిగి, ఒక్క ఫోన్‌ను కనీసం రెండు చేస్తుందని నా ఆశ. శ్రద్ధగా రాశాను. మా అమ్మాయి గదిలో ఫ్యాను ఊడిపడటం. లిఫ్టు మధ్యలో ఆగిపోవడం. పెన్ను మూత నోట్లో పెట్టుకుని ఆలోచించే దాని అలవాటు. దాని బస్సు డ్రైవరుకు జలుబు. మొత్తం నాలుగు వందల పన్నెండు వచ్చాయి. ఒక ఆదివారం నలతగా ఉండి తక్కువ రాశాను, లేకపోతే ఇంకా వచ్చేవి!

పుస్తకం అందిన రెండో రోజే ప్రొఫెసరమ్మ మా ఇంటికి వచ్చేసింది.

"మీరు ఒక్క గడిలోనూ టిక్కు పెట్టలేదండీ. అన్నిటి పక్కనా 'ఇంకా తెలియదు' అని రాశారు."

"అవునమ్మా. ఫ్యాను ఇంకా పైనే ఉంది కదా."

"నెలలో పడలేదు కాబట్టి 'లేదు' అని పెట్టాలి."

"పడదని మీరు పూచీ ఉంటారా?"

ఆవిడ పూచీ ఉండలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, పెన్ను తీసి, "సరే, మొదటిదాన్నుంచి వద్దాం. ఈ భయం ఎప్పుడు మొదలైందండీ?" అని అడిగింది.

చెప్పాను. రెండు గంటలు చెప్పాను. ఆవిడ ఫోన్ చూసుకోలేదు. "నీదంతా చాదస్తం" అనలేదు. నేను ఆగినచోట "ఆ తర్వాత?" అంది. ఎక్కడో ఫ్యాను దగ్గర మొదలుపెట్టి, మా అమ్మాయి మూడేళ్లప్పుడు నా చేయి విదిలించుకుని రోడ్డు మీదకు పరిగెత్తిన రోజుదాకా వెళ్లాను. ఆ లారీ బ్రేకు చప్పుడు గురించి మా వారికి కూడా ఇంతవరకూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆయన అడగలేదు.

మరుసటి నెల ఫలితాలు చెప్పారు. తెర మీద 'పాల్గొన్నవారు: 17' అంటే నేనే. మిగతా తల్లుల గీతలు నా గీత మోకాళ్ల దాకా కూడా రాలేదు. హాలంతా నవ్వింది. నా 'ఇంకా తెలియదు'లన్నీ తీసుకెళ్లి 'లేదు'లో కలిపేసి, తల్లుల భయాల్లో తొంభై ఏడు శాతం జరగవని తేల్చారు. కాబట్టి ఫోన్ ఒక్కటే! మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

నాకు కోపం వచ్చిందనుకుంటున్నారా? లేదు! ఆ రోజే ప్రొఫెసరమ్మ తర్వాతి పరిశోధనకు పేరిచ్చాను. 'గృహిణుల నిద్రలేమి'. నాకు నిద్ర బాగానే పడుతుంది. అయితేనేం? ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని, ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగుతుంది. మా ఇంట్లో నన్ను అడిగే ప్రశ్నలు రెండే: వంటయిందా, చార్జరెక్కడ. వాటి జవాబు కోసం కూడా ఎవరూ ఆగరు. యూనివర్సిటీ వాళ్లు ఇంకో వందేళ్లు మనల్ని పరిశోధించాలని నేను కోరుకోవడంలో తప్పేముంది?

మొన్న ఆ నిద్ర ప్రశ్నలు మంచి జోరుగా సాగుతుంటే ఫోన్ మోగింది. మా అమ్మాయి.

"ఏంటమ్మా, రెండు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు! ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నానే. పనిలో ఉన్నా. మాట్లాడుతున్నా."

"ఎవరితో? ఇంట్లో ఎవరున్నారు? తెలిసినవాళ్లేనా? తలుపు తీసేముందు చూసుకున్నావా? ఉండు, నేను బయల్దేరి వస్తున్నా!"

ఫోన్ పెట్టేశాను. ప్రొఫెసరమ్మ పెన్ను ఆపి, "ఎవరండీ?" అంది.

"మీ తర్వాతి పరిశోధన" అన్నాను.