కృష్ణమ్మ అవ్వ ఆర్కుట్ విచారణ

రేషన్ కార్డుతో పాటు ప్రతి అవ్వకూ ప్రభుత్వమే ఒక ఆర్కుట్ అకౌంటు తెరిచి ఇవ్వాలని నేను డిమాండ్ చేస్తున్నాను. నవ్వకండి. అరవై దాటిన ఆడవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుంటే లోకం పాడైపోతుందని మదనపల్లె టీ బంకుల దగ్గర గొణిగే కుర్రకారుకు బుద్ధి లేదు. ఆ కుర్రకారులో నేనూ ఒకణ్ణి కాబట్టి అధికారికంగానే చెబుతున్నాను.

అసలు మనం ఆర్కుట్‌లో ఏం వెలగబెడుతున్నాం? హార్స్లీ హిల్స్‌కు బస్సులో పోయి, అక్కడ ఆగి ఉన్న ఎవరిదో కారుకు ఆనుకుని ఫోటో దిగుతాం. ఓనరు టీ తాగి వచ్చేలోపు పని ముగించాలి. తర్వాత 'ఉన్నావా?' అని ఒకడు, 'ఉన్నా' అని ఇంకొకడు, 'ఏంటి విశేషాలు?' అంటే 'ఏం లేవు'. ఈ మహత్తర సంభాషణ కోసం ఇంటర్నెట్ సెంటర్లో గంటల తరబడి దోమలకు రక్తదానం! అవ్వలు అలా కాదు. వాళ్లు పని మీద వస్తారు.

కలికిరిలో ఒక అవ్వ మనవడి పేజీలో 'తొడ మీద గజ్జి తగ్గిందా నాయనా' అని రాసిందట. ఆ అబ్బాయి ఆఫీసంతా చదివింది. అయితేనేం, సిగ్గుతోనైనా మందు రాసుకున్నాడు, వారంలో తగ్గిపోయింది. కలకడలో ఇంకొక అవ్వ మనవరాలి స్నేహితుల జాబితా తెరిచి ఒక్కొక్కరినీ 'మీదే ఊరు, ఎవురింటోళ్లు?' అని అడుగుతూ పోయింది. సగం మంది పారిపోయారు. మిగిలినవాళ్లలో ఇద్దరు దూరపు చుట్టాలని తేలింది. ఏ డిటెక్టివ్ ఏజెన్సీ ఇంత పని చేస్తుంది చెప్పండి?

ఇక నా కేసు. అంటే నా పెళ్లి కేసు.

పోయిన శ్రావణంలో పుంగనూరు నుంచి రమ్యశ్రీ అనే అమ్మాయి సంబంధం వచ్చింది. చూశాను. నచ్చింది. చిత్రమేమిటంటే నేనూ ఆమెకు నచ్చాను. తాంబూలాలకు ముందు ఇక మిగిలింది విచారణ ఒక్కటే. మా వైపు పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్లు అబ్బాయి ఊరికి చెప్పాపెట్టకుండా వచ్చి, అంగడి దగ్గర ఒక మాట, పాలు పోసేవాళ్ల దగ్గర ఒక మాట అడిగి పోతారు. దాయాదుల ఇంట్లో మాత్రం తప్పకుండా అడుగుతారు. చెడు ఉంటే దొరికేది అక్కడే కదా.

రమ్యశ్రీ అవ్వ కృష్ణమ్మకు మోకాళ్ల నొప్పి. అందుకని ఆమె బస్సెక్కకుండా పుంగనూరు బస్టాండు పక్కన ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లింది. చెప్పులు బయట విడిచి, తిరిగే కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, సెంటర్ ఓనరు మునిరత్నం టైప్ చేస్తుంటే చెప్పుకుంటూ పోయింది.

"శేఖర్ అబ్బి సావాసగాళ్లారా, నేను రమ్యశ్రీ అవ్వను. ఈ అబ్బికి మా పిల్లను ఇయ్యాలనుకుంటాండాము. ఉద్యోగం ఉండాదా, తాగుతాడా, కోపం ఎట్లాంటిది? నిజం సెప్పండి. ఈ మాట ఆ అబ్బికి తెలియనీయొద్దండి."

ఇంత రహస్యం ఎక్కడ రాసింది? నా పేజీలోనే!

నా పేజీలో నేను బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఆ ఉద్యోగం ఏప్రిల్‌లోనే ఊడిందని పేజీలో లేదు. ఇంట్లో కూడా లేదు, లాంగ్ లీవు మీద వచ్చానని చెప్పాను. ఆ విచారణ చదవగానే తుడిచేద్దామా అనుకున్నాను. కానీ నాకు రెండు వందల పద్నాలుగు మంది స్నేహితులు, వాళ్లుండగా భయమెందుకు?

రెండు రోజుల్లో పొగడ్తలతో పేజీ నిండిపోయింది. నా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో అని ఒకడు, ఎలక్ట్రానిక్ సిటీలో అని ఇంకొకడు. వచ్చే నెల లండన్ పోతున్నానని మూడోవాడు తేల్చాడు. 'వాడు తాగడవ్వా, తాగిన మమ్మల్ని మోసేది వాడే' అని ఒక మహానుభావుడి సాక్ష్యం. చివరికి పొలం గట్టు కోసం మాతో కొట్లాడి, మూడేళ్లుగా మాటల్లేని మా పెద్దనాయన కొడుకు సాయి కూడా 'మా శేఖర్ బంగారం' అని రాశాడు.

మర్నాడు పొద్దున్నే కృష్ణమ్మ అవ్వ మోకాళ్లు పట్టుకుంటూ మా ఇంటి ముందు ఆటో దిగింది. మా అమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. అవ్వ గ్లాసు పక్కన పెట్టి నన్ను చూసింది.

"ఏమప్పా, మీ అంగడి కాడ అడిగొస్తాండా, మీకూ మీ పెద్దనాయనోళ్లకూ గట్టు తగాదా అంట కదా?"

"అవునవ్వా."

"మాటల్లేని దాయాది గూడా నిన్ను బంగారమంటాండాడంటే వాడికి నీ సంగతి తెల్దు, లేదంటే తెలిసీ మా పిల్ల ఏమైపోయినా వాడికి పట్టలేదు. ఇంగ నువ్వే సెప్పు. ఉద్యోగం ఉండాదా?"

తల దించుకున్నాను. పోయిందని చెప్పాను. మా అమ్మ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకూ అప్పుడే తెలిసింది.

"ఉద్యోగానికేముండాది, పోతాది, వస్తాది" అంది అవ్వ. "రెండు నూర్ల మంది సావాసగాళ్లలో నిజం సెప్పేవాడు ఒగడన్నా లేడే. రేపు మా పిల్లకు కష్టమొస్తే నేనెవురిని అడగాల?"

కాఫీ తాగి వెళ్లిపోయింది. తాంబూలాలు ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నా స్నేహితులు ఒక్కరూ ఏమైందని అడగలేదు. వాళ్ల సాక్ష్యం అయిపోయింది కదా.

ఆర్కుట్‌లో టెస్టిమోనియల్ అని ఒకటి ఉంది. మన గురించి వేరేవాళ్లు రాస్తారు, మనం ఒప్పుకుంటేనే అది లోకానికి కనిపిస్తుంది. ఇంత సుఖమైన విచారణ మన తాతలు ఊహించారా? వారం తర్వాత కృష్ణమ్మ అవ్వ నాకు ఒకటి పంపింది.

'ఈ అబ్బికి ఉద్యోగం లేదు. ఉండాదని అందరికీ అబద్ధం సెప్పినాడు. నేను అడిగితే వాళ్లమ్మ ముందరే ఒప్పుకున్న్యాడు. ఒప్పుకునేవాడు బాగుపడతాడు.'

మొదటి వాక్యం చూడగానే నాకు ఒళ్లు మండింది. వద్దు అనే మీట నొక్కేశాను.

కార్తీకంలో కుప్పం నుంచి ఇంకొక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయి అవ్వ రమణమ్మకూ ఆర్కుట్ ఉంది. నా పేజీ అంతా చదివి ఫోన్ చేసింది.

"అంతా బాగా రాసిండారు నాయనా. పుంగనూరు సంబంధం ఆగిపోయిందంట కదా? ఆ పిల్ల అవ్వ నీ గురించి ఏమన్నా రాసిందేమోనని ఎతుకుతాండాను. ఆమె మాటొకటి కనపడితే సాలు, ముందుకు పోదాము."

నా ఎదురుగా తెర మీద రెండు వందల పద్నాలుగు మంది నన్ను పొగుడుతూనే ఉన్నారు.

"ఆమె పెద్దావిడ కదవ్వా, కంప్యూటర్ సరిగ్గా రాదు. అందుకే రాసుండదు" అని ఫోన్ పెట్టేశాను.