ఒక గడియ మంజూరు

బడి తల్లిదండ్రుల మండలి ఎన్నికలు అత్యంత ప్రశాంతంగా ముగిశాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఒక కుర్చీ కాలు విరగడం, డ్రాయింగు మాస్టారి చొక్కా జేబు చిరగడం, ఎదురెదురు గుమ్మాల్లో ఉండే రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోవడం మినహా అవాంఛనీయ సంఘటనలేవీ జరగలేదు. అధ్యక్షులుగా మేకులాయన ఎన్నికైనారు. ఆయనకు ఓటేసిన విజ్ఞుల్లో మేమూ ఉన్నాము.

మేకులాయన అంటే బడి వీధి మలుపులో ఇనుప సామాన్ల కొట్టు నడిపే మనిషి. మేకులు, తాళాలు, గడియలు అమ్ముకుంటూ ఎవరి జోలికీ పోకుండా బతికేవాడు. అలాంటివాడు ప్రజాసేవలోకి దూకడానికి కారణం ఒక మంచినీళ్ల సీసా. ఆరో తరగతి చదివే ఆయన కూతురు పొద్దున నింపుకెళ్లిన సీసాను సాయంత్రం నిండుగానే తెచ్చేది. తల్లి బుజ్జగించి అడిగితే సంగతి బయటపడింది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఊడిపోయింది. బయట ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడితే తప్ప లోపలికి వెళ్లే వీల్లేదు. క్లాసులోంచి ఇద్దర్ని కలిపి పంపరు. ఆడపిల్లలు బాగా ఆలోచించి నీళ్లు తాగడం మానేశారు.

మేకులాయనకు కడుపు తరుక్కుపోయింది. కొట్లోంచి మంచి గడియ ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని బడికి వెళ్లాడు. ప్రధానోపాధ్యాయురాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"బడి గోడకు మేకు దిగాలన్నా మండలి తీర్మానం ఉండాలండీ. ఇవాళ మీరు గడియ పెడతారు, రేపు ఇంకొకాయన వచ్చి కిటికీ పెడతానంటాడు. అంత పట్టుదలగా ఉంటే ఎన్నికలొస్తున్నాయిగా, నిలబడండి."

ఆవిడ ఆ మాట మనిషిని వదిలించుకోవడానికి అంది. ఆయనకది దేశం పిలుపులా వినిపించింది. స్క్రూడ్రైవరు సొరుగులోకి వెళ్లింది. గడియ మాత్రం జేబులోనే ఉండిపోయింది. చొక్కా ఉతికినప్పుడల్లా భార్య దాన్ని తీసి, ఆరిన చొక్కాలో మళ్లీ పెట్టేది.

ప్రచారం మొదలైంది. 'ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ' అని నినాదం రాసి పోస్టర్లవాడికిచ్చాడు. ఫొటో మాత్రం చుబుకం కింద చెయ్యి పెట్టుకుని, ఏదో లోతుగా ఆలోచిస్తున్నట్టు తీయించుకున్నాడు. అచ్చయి వచ్చిన నమూనాలో ముఖం మరీ చిన్నదిగా కనిపించింది. కాస్త పెద్దది చేయమన్నాడు. చోటు చాలక 'మరుగుదొడ్డి' పోయింది. ఇంకాస్త పెద్దది చేయమన్నాడు. 'తలుపు' కూడా పోయింది. చివరికి వీధి గోడల నిండా మేకులాయన నిండు ముఖం, దాని కింద 'ఆడపిల్లలకు గడియ' అని రెండే ముక్కలు మిగిలాయి. వాటి అర్థం ఏమిటని ఓటర్లెవరూ అడగలేదు. అర్థం కాలేదంటే ఏదో గొప్పదే అయ్యుంటుందని మా నమ్మకం.

మొదటి సభలో ఆయన తలుపు గురించే మాట్లాడబోయాడు. 'తలుపు' అనగానే చప్పట్లు పడ్డాయి. దాంతో 'భవిష్యత్తు తలుపులు' అన్నాడు, చప్పట్లు పెరిగాయి. మైకు అంటే ఇంత బావుంటుందని ఆయనకు అంతవరకూ తెలియదు. గాల్లో తేలుతూ ఇంటికి వచ్చాడు.

"ఏమండీ, గడియ సంగతి చెప్పారా?" అంది భార్య.

"ఆగవే, ముందు గెలవనీ!"

గెలిచాడు. మండలి తొలి సమావేశం ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్న విషయమై కూలంకషంగా చర్చించింది. మలి సమావేశం అధ్యక్షుల వారి కుర్చీకి దిండు మంజూరు చేసింది. ఆ తర్వాతి సమావేశంలో మరుగుదొడ్డి గడియ అంశం రానే వచ్చింది. మండలి కార్యదర్శి విశ్రాంత భాషా పండితుడు, మూడో తరగతి పిల్లాడి తాతగారు. ఆయన పోస్టరును ఆధారంగా చేసుకుని తీర్మానం తానే రాసి, లేచి నిలబడి చదివాడు.

"బాలికలకు మరుగుదొడ్డి నిమిత్తం ఒక గడియ మంజూరు చేయడమైనది. గడియ అనగా ఇరవై నాలుగు నిమిషములు!"

సభ కరతాళధ్వనులతో మారుమోగింది. ఒకావిడ లేచి రెండు గడియలు కావాలంది. మగపిల్లల తండ్రి ఒకాయన ఇది పక్షపాతమని వాకౌటు చేసి, లోపల టీ వచ్చిందని తెలిసి తిరిగి వచ్చాడు. జీవితమంతా గడియలు అమ్మిన మేకులాయన అప్పుడు లేచి, "అయ్యా, నేనడిగింది తలుపు గడియ" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. అప్పుడే ఫొటో తీసేవాడు "సార్, ఇటు చూడండి" అన్నాడు. ఆయన అటు చూసి, చుబుకం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

పథకం ఘనంగా ప్రారంభమైంది. రోజూ గంట కొట్టి, ఆడపిల్లలందరినీ మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబెట్టేవారు. ఇరవై నాలుగు నిమిషాలు కాగానే వరుసగా వెనక్కి తీసుకొచ్చేవారు. అందరి కళ్లముందూ గడియలేని తలుపు తోసుకుని వెళ్లడానికి ఒక్క పిల్లా ముందుకు రాలేదు. క్రమశిక్షణ పెరిగిందని మండలి హర్షం వెలిబుచ్చింది.

ఒక సాయంత్రం కూతురు కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ ఇంటికి వచ్చింది. డాక్టరు చూసి, నీళ్లు తాగక మూత్రంలో మంట వచ్చిందన్నాడు. మేకులాయన మంచం పక్కన కూర్చుని పిల్ల తల నిమిరాడు.

"ఇన్ని చేశాను కదే తల్లీ. నీ కోసమే కదా నిలబడ్డాను."

పిల్ల గోడవైపు తిరిగి పడుకునే అంది. "నువ్వు మైకు ముందు నిలబడ్డావు నాన్నా. తలుపు దగ్గర నిలబడేది నా పక్క బెంచీ పిల్ల. రోజూ ఇంటర్వెల్లో నా కోసం నిలబడేది. ఇప్పుడు ఇంటర్వెల్ కూడా ఆ వరుసకే పోయింది."

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. చెయ్యి అలవాటుగా చుబుకం కిందికి పోతుంటే దింపుకున్నాడు. భార్య సొరుగు తీసి స్క్రూడ్రైవరు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

మర్నాడు బడి గంటకు ముందే వెళ్లి గడియ బిగించాడు. తెచ్చుకున్న టీ చల్లారేలోపు పని అయిపోయింది. ఆ సాయంత్రం ఆడపిల్లల సీసాలన్నీ ఖాళీగా ఇళ్లకు వచ్చాయి. నొప్పి తగ్గి బడికి వెళ్లాక ఆయన కూతురి సీసా కూడా ఖాళీగానే వచ్చింది. దాన్ని ఆయన తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. తీర్మానం లేకుండా పని చేసిన అధ్యక్షుల మీద అవిశ్వాసం పెట్టింది. అది ఏకగ్రీవంగా నెగ్గింది. చేతులెత్తండి అనగానే అలవాటు కొద్దీ మేకులాయన కూడా ఎత్తాడు. మళ్లీ ఎన్నికలు జరిగాయి. బిగించిన గడియకు బంగారు రంగు వేయిస్తానన్న పండితుణ్ణి మేము అఖండ మెజారిటీతో గెలిపించాము. మేకులాయన కూడా పోటీ చేద్దామనుకున్నాడట గానీ, తీర్చడానికి సమస్యేదీ మిగల్లేదని మానుకున్నాడు.

మొన్న మావాడి నీళ్ల సీసా నిండుగా ఇంటికి వచ్చింది. ఏమిట్రా అంటే, మగపిల్లల మరుగుదొడ్డికి అసలు తలుపే లేదన్నాడు. విని నాకు కడుపు తరుక్కుపోయింది. అందుకే ఈసారి నేను నిలబడుతున్నాను. ఫొటో తీయించుకున్నాను, బాగానే వచ్చింది.