ఎక్స్-రే బినామీ

‘‘ఇప్పటిదాంక మనుషులకే ఎక్స్-రే తీసిండ్రు. ఇగ మన నిజామాబాద్ బిడ్డలు నక్షత్రాలకు తీస్తరు!’’ అని ఎమ్మెల్యే ధనుంజయ్ గారు కాలేజీ మైదానంలో ప్రకటించారు. చప్పట్లు పడ్డాయి. నక్షత్రాలకు ఏ ఎముక విరిగిందని ఎవరూ అడగలేదు.

వేదిక చివరి కుర్చీలో ఫిజిక్స్ లెక్చరర్ జ్యోతిరాణి కూర్చుంది. స్పెక్ట్రోగ్రాఫ్ కావాలని కాళ్లరిగేలా తిరిగింది ఆమే. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం అది. ఎమ్మెల్యే గారి నిధులతో వచ్చింది. కంపెనీ పేరు కనిపించకుండా పెట్టె మీద ఆయన ఫొటో అతికించారు. ప్రారంభోత్సవం దాకా పెట్టె ఆయన క్యాంపు ఆఫీసులోనే ఉంటుంది.

జ్యోతిరాణికి తొందరగా ఉంది. ఏళ్ల తరబడి చల్లగా పడి ఉన్న ఒక జంట తార, ఎక్స్-రే బైనరీ, ఈ మధ్యే భగ్గుమంది. రోజురోజుకూ మసకబారుతోంది. వారం దాటితే కాలేజీ టెలిస్కోపుకు అందదు. మళ్లీ వెలిగేనాటికి ఆమె రిటైరై ఉండవచ్చు.

మర్నాడు క్యాంపు ఆఫీసుకు వెళ్లింది.

‘‘సార్, రిబ్బన్ తర్వాత కట్ చేద్దురు గని, పెట్టె ఇప్పుడే ఇప్పించండి. బైనరీ ఆగదు.’’

‘‘ఏం ఆగదు?’’

‘‘బైనరీ సార్. ఎక్స్-రే బైనరీ.’’

‘‘బినామీనా?’’

ఎమ్మెల్యే గారి ఉచ్చారణ దిద్దడం లెక్చరర్ విధుల్లో లేదు. ఆమె దిద్దలేదు.

‘‘రెండుంటయి సార్. కనిపించేది ఒకటి. కనిపించనిది పక్కనే ఉండి దాని సొత్తంతా గుంజుకుంటది.’’

ధనుంజయ్ గారు చాయ్ కప్పు కింద పెట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవర్ తుకారాం ఓ చెవి ఇటు వేశాడు. బోధన్ దిక్కు చెరుకు తోటలు అతని పేరు మీద ఉన్నాయి. డ్యూటీకి అతను సైకిల్ మీద వస్తాడు.

‘‘కనిపించనిది నోరిప్పదు గదా. ఎట్ల దొరుకుతది?’’

‘‘నోరిప్పే పని లేదు సార్. కనిపించేదాని వెలుగును విడదీస్తే గీతలొస్తయి. గీతలు అటూ ఇటూ జరిగితే పక్కన ఎవరో గుంజుతున్నట్టే. ఎంత బరువున్నోళ్లో కూడా తేలిపోతది. మింగినదంతా కాగి ఎక్స్-రేలు కక్కుతది, దాగదు.’’

‘‘ఎంత దూరందాంక కనబడ్తది?’’

‘‘వేల కాంతి సంవత్సరాలు.’’

‘‘గవన్నీ వద్దు. ఈడికెళ్లి బోధన్ కనబడ్తదా?’’

‘‘బోధనెంత సార్!’’

పరికరం గొప్పతనం అర్థమయ్యేలా చెప్పానని ఆమె సంతోషంగా ఇంటికి వెళ్లింది.

ప్రారంభోత్సవం వాయిదా పడింది. ‘‘ఒకల వెలుగును ఇప్పి సూసుడు మన సంస్కృతి గాదు’’ అని ధనుంజయ్ గారు పత్రికలకు చెప్పారు. ప్రతిపక్ష నాయకుడు రాజనర్సు పెట్టె తెరవాలని ధర్నాకు దిగాడు. మధ్యాహ్నం ఎవరో ఆయన చెవిలో పెట్టె ఏం పని చేస్తుందో చెప్పారు. ఆయనే నిలబడి టెంట్ విప్పించాడు. సాయంత్రానికి నాయకులిద్దరూ ఒకే మైకు ముందున్నారు. జిల్లా కోసం ఇంత ఐక్యత అంతకు ముందు ఎవరూ చూడలేదు.

‘‘మా డ్రైవర్ల చెరుకు తోటలు వాళ్ల చెమట సొమ్ము. వాళ్లకూ మాకూ డ్యూటీ సంబంధం తప్ప ఇంకోటి లేదు’’ అన్నారు ధనుంజయ్ గారు. తోటల సంగతి ఎవరూ అడగలేదు.

‘‘నాది గూడ గదే మాట’’ అన్నాడు రాజనర్సు.

జ్యోతిరాణి ఫోన్ చేస్తే సార్ స్నానం చేస్తున్నారన్నారు. మర్నాడూ స్నానమే. తార ఇంకాస్త మసకబారింది.

ఆ సాయంత్రం కాలేజీ ముందు జీపు ఆగింది. తుకారాం ఇస్త్రీ చొక్కాతో దిగాడు. వెనక సీట్లో పెట్టె ఉంది.

‘‘సార్ పంపిండా?’’

‘‘సార్‌తోని నాకేం సంబంధం మేడం? పేపర్ల సూడలేదా?’’

‘‘మరి ఆఫీసు తాళం?’’

‘‘సార్‌వి అన్నీ నా దగ్గర్నే ఉంటయి.’’

తుకారాం గొంతు తగ్గించాడు. ‘‘గాయన రేపు మాట తిప్పి తోటలు నాయే అంటడు మేడం. మిషన్‌ల నన్ను సూసి, పక్కన ఎవలూ లేరని నలుగుట్ల చెప్పు. చెప్తనంటెనే పెట్టె దించుత. లేకుంటె వాపస్.’’

‘‘ఇది ఆకాశంల తారలకు, తుకారాం...’’

‘‘పెద్దోళ్లిద్దరూ నమ్మిండ్రు. నీకేం తక్లీఫ్?’’

జ్యోతిరాణి గేటు వైపు చూసింది. రాజనర్సు డ్రైవర్, ధనుంజయ్ గారి వంటమనిషి ముత్తవ్వ, ఎవరి బావమరిదో తలలు దువ్వుకుని వరసలో నిలబడి ఉన్నారు.

పొద్దు ఇంకా గుంకలేదు. తార పైకి రావడానికి టైముంది.

‘‘ఒక్కొక్కరే రండి’’ అంది జ్యోతిరాణి.