మంచి మిషనుకు వెనకేం పని

ఆ పొద్దున శశికళ పెట్టుకున్న పని చిన్నదే. కొనుగోలుదార్లు వచ్చేలోపు అగరబత్తుల ప్యాకింగు మిషనుకు గ్రీసు పెట్టి, ఒకసారి నడిపి చూసుకోవడం. చందాపురలోని ఆ ఫ్యాక్టరీలో ఆమె మెయింటెనెన్స్ ఇంజినీరు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇవాళ మిషను సరిగ్గా నడిస్తే ఖాయం చేస్తానని యజమాని భుజంగరావు మాటిచ్చాడు. తమ్ముడి కాలేజీ చదువు ఆ మాట మీదే వేలాడుతోంది.

మిషను నడిపింది. రెండు ప్యాకెట్లు పడ్డాయి. మూడోదానికి లోపల ఠప్పుమంది. మోటారు బెల్టు తెగింది.

"వేరే బెల్టు లేదా మేడమ్?" అన్నాడు మిషను నడిపే బసవరాజు.

"లేకేం? ఇదిగో, చేతిలోనే ఉంది. పెట్టేదానికి దారేది?"

దారి మిషను వెనక ఉంది. మిషను వెనక గోడ ఉంది. మధ్యలో జానెడు సందు. మిషను తూర్పు ముఖంగా, పడమటి గోడకు దాదాపు ఆనుకొని ఉండాలని వాస్తు శ్రీనివాసులు చెప్పాడు. చెప్పిందే తడవుగా కదలకుండా నేలకు బోల్టులు బిగించేశారు. వెనక తలుపు తెరిచేంత చోటైనా వదలమని శశికళ ఆ రోజే మొత్తుకుంది. "ఐదేండ్లు చెడిపోదని అమ్మినోడే చెప్పినాడు గదమ్మా. మంచి మిషనుకు వెనకేం పని?" అని భుజంగరావు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆయన కొనుగోలుదార్లను కారులో ఎక్కించుకొని వస్తున్నాడు. ఫోను చేసింది.

"సార్, బెల్టు తెగింది. వెనక గోడ పగలగొడితే తప్ప కొత్తది పెట్టలేం. కొట్టమంటారా?"

అవతలి మాట చివరిదాకా వినే అలవాటు భుజంగరావుకు లేదు. పైగా పక్కన పెద్ద సూపర్ మార్కెట్ల మనుషులు. "ఇంజినీరువి నువ్వమ్మా. చేసెయ్. ప్రతిదానికీ నన్నడిగేదేంది? నా దగ్గర పన్జేసేవాళ్ళకు పూర్తి స్వతంత్రం," అని, పక్కవాళ్ళకు వినబడేలా ఒక్కో మాటా నొక్కి చెప్పి, పెట్టేశాడు.

"బసవరాజన్నా, సుత్తీ ఉలీ పట్రా."

"అవతల సార్ కేబిను ఉండాది మేడమ్."

"తెలుసు."

"సార్ కుర్చీ వెనకాలే ఉండాది."

"తెలుసన్నా కదా."

"వాళ్ళ నాయన ఫోటో కూడా ఆ గోడకే..."

"ఆయనే చేసెయ్ అన్నాడన్నా. స్వతంత్రం కూడా ఇచ్చినాడు."

మిషను కంటే గోడను గట్టిగా కట్టించాడు మహానుభావుడు. చేతులు బొబ్బలెక్కాయి గానీ పెళ్ళలు రాలడమే తప్ప ఇటుక కదలలేదు. బెల్టు కోసం తెచ్చిన స్పానరు సందులో పెట్టుకొని, పక్కగా ఒరిగి, తిట్టుకుంటూ కొడుతోంది. అంతలో గోడ అవతల కుర్చీలు జరిగిన చప్పుడు.

"ఏంటి సార్ ఆ సౌండ్?" ఎవరో ఆవిడ గొంతు.

"మా మిషనే మేడమ్. అది అట్లే, రాత్రింబగళ్ళు ఆగదు."

శశికళ చేయి ఆగింది. "బేడ మేడమ్, కొట్టొద్దు, సుమ్నే ఉండండి," అని బసవరాజు గుసగుసగా బతిమాలాడు.

"మధ్యలో ఓపెన్ చేసి చెక్ చేస్తారు కదా?"

"తెరిచేదా? మంచి మిషనుకు వెనకేం పని మేడమ్?"

అప్పుడు పడిన దెబ్బలో కొత్త మిషను వచ్చిన నాటినుంచి దాచుకున్న కోపమంతా ఉంది. ఇటుకలు అటు పడ్డాయి. వాటి వెంట నాయనగారి ఫోటో, దాని వెంట స్పానరు. దుమ్ము కాస్త తగ్గాక, కన్నంలోంచి తెల్లటి మొహం ఒకటి కనబడింది.

"సార్, ఆ స్పానరు ఇట్లిస్తారా?"

"ఏం చేస్తాండావు నువ్వు?" భుజంగరావు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"మీరు చెప్పిందే సార్."

"నేనెప్పుడు చెప్పినా?"

"కార్లో."

కొనుగోలుకు వచ్చిన సౌమ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టి, స్పానరు తీసి అందించింది. "బెల్ట్ మార్చడానికి ఎంత టైమ్ పడుతుంది?"

"మీ కాఫీ అయ్యేలోపు మేడమ్."

"మరి ఇందాకటి నుంచి కొడుతున్నది?"

"అది గోడకు."

సౌమ్య గ్లాసు అడుగున కాఫీ ఇంకా ఉండగానే మిషను తిరిగింది. "ఎక్కడికెళ్ళినా మా మెషిన్ చెడిపోదనే చెప్తారు," అందామె. "చెడిపోతే ఏం చేస్తారని అడిగితే నోరు విప్పరు. బాగు చేయడం ఇక్కడే చూశా. ఇక్కడ తలుపు పెట్టించండి, ఆర్డర్ మీకే."

భుజంగరావు తండ్రి ఫోటో మీది దుమ్ము తుడిచాడు. "ఈ ఐడియా నాదే మేడమ్. కార్లో మీ ముందరే చెప్పినా కదా."

శశికళ పళ్ళు నూరుకుంది. అయినా ఉద్యోగం ఖాయమైంది. గోడకు తలుపూ వచ్చింది. పడమటి గోడకు కన్నం దోషమేనని శ్రీనివాసులు తేల్చాడు. కాకపోతే తలుపుకు తాళం వేసి, తాళంచెవి యజమాని ఒంటిమీదే ఉంచుకుంటే దోషం అంటదట.

ఈ పొద్దున బెల్టు మళ్ళీ కీచుమంటోంది, శశికళ చేతిలో కొత్త బెల్టు సిద్ధంగా ఉంది, తాళంచెవి భుజంగరావు మొలతాడుకు ఉంది, భుజంగరావు కాశీలో ఉన్నాడు.