బ్రిటన్ వెళ్ళిన హవాయి చెప్పులు

కెమెరా చేతికిచ్చే ముందు సోమరాజు భార్యకు చేసిన ఉపదేశం కంటే, వాళ్ళ పెళ్ళినాడు పురోహితుడు చదివిన మంత్రాలే పొట్టిగా ఉన్నాయి.

"పక్షులు, జంతువులు, కొండలు, చెరువులు. అంతే. మనుషులెవరూ పడకూడదు."

"మనుషుల్లేకుండా ఫోటో ఏంటండీ, పెళ్ళికొడుకు లేని పల్లకీలాగ?" అంది నాగమల్లేశ్వరి.

"నీకు ఆర్టు తెలీదే."

"పోయినేడు మీరు తీసిన దోమలు చూశానుగా, అప్పుడే తెలిసిపోయింది."

దోమలు కావవి, ఫ్లెమింగోలు. సోమరాజుకు ఫోటోల పిచ్చి. కెమెరాల్లో రీళ్ళు వేసుకునే రోజులవి. మనామా బజారులో పాతది ఒకటి కొని, దానికి సొరకాయంత లెన్సు తగిలించి, శుక్రవారం సెలవు వస్తే చాలు సముద్రం ఒడ్డున కాపు కాసేవాడు. బహ్రెయిన్‌లోని తెలుగువాళ్ళ సంఘం ఏటా వినాయక చవితికి ఫోటోల పోటీ పెడుతుంది. గెలిచినవాళ్ళకు స్టేజీ మీద శాలువా. పోయినేడు సోమరాజు ఫ్లెమింగోల గుంపును పంపిస్తే, సంఘం పెద్ద అప్పాజీగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "దోమల్ని ఎంత ఓపిగ్గా తీశావయ్యా!" అని మెచ్చుకున్నారు. శాలువా మరొకరి భుజమెక్కింది. అప్పటినుంచి సోమరాజు ప్రాణమంతా ఆ శాలువా మీదే ఉంది.

ఆయనకు మీనా సల్మాన్‌లో ఒక వర్క్‌షాపులో వెల్డింగ్ పని. మల్లేశ్వరి బుసైతీన్‌లో ఒక పెద్దింట్లో పిల్లల్నీ వంటనీ చూసుకుంటుంది. కాపురం హూరాలో ఒంటిగదిలో. ఆ పెద్దింటి యజమానిని అందరూ బాబా అంటారు, ఆయన భార్యను మామా అంటారు. ఎండలు ముదరగానే వాళ్ళు పిల్లలతో బ్రిటన్ వెళ్ళిపోయి ఊరూరా కారులో తిరుగుతారు. ఆ ఏడు మల్లేశ్వరిని కూడా తీసుకెళ్తామన్నారు. పెళ్ళాం విమానం ఎక్కుతోందని కాదు, కెమెరా ఎక్కుతోందని సోమరాజు పొంగిపోయాడు.

"అంతా సెట్ చేసిచ్చాను. నువ్వు నొక్కడమే. వేలు నీది, బుర్ర నాది."

"మరి కళ్ళు ఎవరివండీ?"

కళ్ళ సంగతి సోమరాజు ఆలోచించలేదు. పెట్టెకు తాడు బిగించడంలో పడ్డాడు.

ఆమె విమానం ఎక్కిన రోజే వర్క్‌షాపువాళ్ళు ఆయన్ను సిత్రాలో రిఫైనరీ ఆపి చేసే మరమ్మతుల షట్‌డౌన్ పనికి పంపారు. వేసవంతా అక్కడే క్యాంపు, ఓవర్‌టైం, మాడ్చే ఎండ. తిరిగి హూరా వచ్చేసరికి పక్కగది లింబాద్రి ఎదురయ్యాడు. నిజామాబాద్ నుంచి వచ్చి కట్టడాల పని చేసే మనిషి. పేరుకు లింబాద్రి గానీ అందరూ లౌడ్‌స్పీకర్ అనే అంటారు. ఆయన చెవిలో రహస్యం చెబితే సముద్రం అవతల సౌదీలో వినిపిస్తుంది.

"యాడికి వొయినవే అన్నా? గిన్ని దినాల సంది కానస్తనే లేవు."

"బ్రిటన్," అన్నాడు సోమరాజు. నోరు జారలేదు. ఎప్పటినుంచో నాలుక చివర కాచుకుని ఉన్న మాటే అది. "బాబాకు అక్కడ డ్రైవరు కావాలంటేనూ, మల్లితో పాటు నేనూ వెళ్ళాను, డ్యూటీ ఉందని ముందొచ్చేశాను. ఫోటోలు తీశాను, చూద్దువుగాని."

"గంత సలి దేశంల గింత నల్లగెట్లయినవే?"

"మంచు మీద పడి ఎగిరొచ్చే ఎండ మరీ పాపిష్టిది, లింబాద్రీ."

లింబాద్రి జాలిపడ్డాడు. సాయంత్రానికి హూరా మొత్తం జాలిపడింది.

ఇంకో వారానికి మల్లేశ్వరి దిగింది. సోమరాజు ఆమె చేతిలోంచి సంచీ కంటే ముందు కెమెరా అందుకున్నాడు. రీలు స్టూడియోకిచ్చి, ఫోటోలు వచ్చేదాకా అన్నం సరిగ్గా తినలేదు. కవరు తెచ్చుకుని మంచం మీద కూర్చుని మొదటి ఫోటో తీశాడు. తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు.

పచ్చదనం. అదొక్కటే ముందు కనిపించింది. వేళ్ళకు అంటుకుంటుందేమోనన్నంత పచ్చగా కొండలు ఒకదాని వెనక ఒకటి వరసగా వెళ్ళి పొగమంచులో కరిగిపోతున్నాయి. రెండో దాంట్లో చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములున్న దుప్పి ఒకటి తల తిప్పి తిన్నగా సోమరాజునే చూస్తోంది. తర్వాతిది అద్దంలాంటి చెరువు. దాని మీద హంసలు, నీళ్ళలోనూ హంసలు, ఏవి అసలువో ఏవి నీడలో తెలియడం లేదు. ఇన్నేళ్ళు ఎండలో నిలబడి లెన్సు తిప్పినవాడికి లోకంలో ఇన్ని రంగులున్నాయని ఆ పూట తెలిసింది. పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది.

మళ్ళీ మొదటినుంచి చూడబోతూ ఆగిపోయాడు.

"ఒసే మల్లీ, ఇదేంటే?"

"చెప్పులండి."

"చెప్పులని నాకూ తెలుసు. కొండ కింద చెప్పులేంటి?"

"నావండి."

నిజమే. ఎర్ర పట్టీ ఒకటి, నీలం పట్టీ ఒకటి. ఒక చెప్పుకు పట్టీ తెగితే వేరే రంగుది వేయించుకున్న ఆ హవాయి చెప్పుల జతను హూరాలో ఎరగనివాళ్ళు లేరు. దుప్పి ముందు రాయి మీద చెప్పులు. హంసల ఒడ్డున చెప్పులు. ప్రతి ఫోటోలో ఓ మూల చెప్పులు.

"చలిలో చెప్పులేసుకుని తిరిగావా?"

"మామా బూట్లు కొనిచ్చారండి. చెప్పులు ఫోటోల కోసం మోసుకెళ్ళాను." మల్లేశ్వరి నిమ్మళంగా చెప్పింది. "మనుషులు పడకూడదన్నారు, సరే పడలేదు. మరి రేపు మా అమ్మకు పంపితే ఏమంటుంది? క్యాలెండరు చింపి పంపావా అంటుంది. నేను వెళ్ళినట్టు రుజువుండాలా, వద్దా?"

"నా శాలువా..." అన్నాడు సోమరాజు నీరసంగా. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. పోటీకి తన పేరుతో పంపుతున్నట్టు, తను కూడా వెళ్ళినట్టు అందరికీ చెప్పేసినట్టు.

మల్లేశ్వరి భర్త మొహంలోకి చూసింది. "నేను తీసినవి మీ పేరునా?"

"కెమెరా నాది, రీలు నాది, పెళ్ళాం నాది. ఫోటో ఇంకెవరిదవుతుందే?"

ఆమె లేచి చల్లారిన టీ గ్లాసు తీసుకెళ్ళింది. సోమరాజు ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టేసుకున్నాడు. మగవాళ్ళు లెక్కలో తప్పేది సరిగ్గా అక్కడే.

మంచివి ఏరి పెద్దవి చేయించాడు. ఫోటోల్లో చెప్పులు కనబడకుండా వాటి మీద అంటించడానికి 'ఛాయాగ్రహణం: సోమరాజు' అని అందంగా చీటీలు రాశాడు. ఒక్క ఫోటో దగ్గరే చిక్కొచ్చింది. నల్ల కోటు, తెల్ల పొట్ట, రంగులరాట్నంలాంటి ముక్కున్న బుల్లి పక్షి ఒకటి గడ్డిలో నిలబడి, మల్లేశ్వరి చెప్పులోకి వంగి తొంగి చూస్తోంది. అన్నిట్లోకీ అదే గొప్ప ఫోటో. చెప్పు కప్పేస్తే పక్షి దేన్ని చూస్తున్నట్టు? దానికి పెద్ద చీటీ పెట్టి చూశాడు. ఇప్పుడు పక్షి వంగి సోమరాజు పేరు చదువుకుంటున్నట్టుంది. ఇంకా బాగుందనుకున్నాడు.

"కాస్త మైదా ఉడికించి జిగురు చెయ్యవే."

చేసిచ్చింది.

"పల్చగా ఉందేంటి?"

"ఆరితే గట్టిపడుతుందిలెండి."

చవితినాడు సంఘం హాలు కిటకిటలాడింది. లోపల వినాయకుడున్నాడని అందరూ గుమ్మం బయటే చెప్పులు విడిచారు. పూజయ్యాక జనం ఫోటోల గోడ దగ్గరికి వచ్చారు, వచ్చి మాట మానేశారు. పొద్దుట్నుంచి రాత్రిదాకా ఇసుకా సిమెంటూ ఇనుమూ తప్ప చూడని మనుషులు ఆ పచ్చటి కొండల ముందు నోరు తెరుచుకుని నిలబడ్డారు. ఒకాయన చెరువు ఫోటోకి దండం పెట్టాడు. లింబాద్రి సైతం గొంతు తగ్గించాడు, అంటే సగం హాలుకే వినిపించింది.

"గిది భూమ్మీదనే ఉన్నదా అన్నా?"

"నేను చూశానుగా," అన్నాడు సోమరాజు, చేతులు వెనక్కి కట్టుకుని. అప్పాజీగారు శాలువా మడత విప్పుతుండడం ఓరకంట కనిపించింది.

అంతమంది ఊపిరికి హాల్లో ఏసీ మూలిగి ఆగిపోయింది. సెప్టెంబరు ఉక్క తలుపులు తోసుకుని లోపలికొచ్చింది. మెరిసే ఫోటోకాగితం మీద మైదా జిగురు చెమటపట్టి, మొదటి చీటీ మెల్లగా జారింది.

సోమరాజు ఒక్క అంగలో వెళ్ళి బొటనవేలితో నొక్కాడు. పక్కది జారింది. దానికి రెండో చెయ్యి పెట్టాడు. దుప్పిది జారుతుంటే వీపు ఆనించాడు. అలా గోడకు శిలువలా అతుక్కుని నిలబడ్డాడు.

"అదేంటయ్యా సోమరాజూ, ఫోటోల్ని కౌగిలించుకున్నావు?" అన్నారు అప్పాజీగారు.

"అభిమానం అండి."

గోడ చివర ఎవరూ నొక్కని పక్షి ఫోటో మీద పెద్ద చీటీ ఊడి నేల మీద పడింది. లింబాద్రి వంగి ఫోటోలోకి చూశాడు. చూసి బయటికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఆయన రెండు చేతుల్లో రెండు చెప్పులు, ఒకటి ఎర్ర పట్టీది, ఒకటి నీలం పట్టీది.

"గివే! గివే చెప్పులు! అన్నా, వదినె చెప్పులేస్కొని వొయినవా బ్రిటన్‌కు?"

సోమరాజు ఒక్క క్షణం అవుననేద్దామనుకున్నాడు. శాలువా అంత దగ్గర్లో ఉంది. చేతులు జారాయి, మిగిలిన చీటీలూ జారాయి. గోడ పొడుగునా బ్రిటన్, బ్రిటన్ పొడుగునా మల్లేశ్వరి చెప్పులు.

హాలంతా మల్లేశ్వరి వైపు తిరిగింది. సోమరాజు తల వంచుకున్నాడు. ఇంక ఆమె ఒక్క మాటంటే చాలు, ఆయన హూరాలో తలెత్తుకు తిరగలేడు.

"ఏమ్మా, ఈ చెప్పులు అంతదూరం ఎలా వెళ్ళాయి?" అడిగారు అప్పాజీగారు.

"కెమెరా ఆయనదండి. సెట్ చేసిచ్చింది కూడా ఆయనే," అంది మల్లేశ్వరి. కొంగు భుజం మీదికి లాక్కుంది. "చూసింది మట్టుకు నేనండి."

"ఆ పక్షి అంత దగ్గరికి ఎట్లా వచ్చిందమ్మా?"

"నేను వెళ్ళలేదండి దాని దగ్గరికి. అదే వచ్చింది. సముద్రంలో దీవి అండి అది, పడవ మీద తీసుకెళ్ళారు. గడ్డి నిండా బొరియలు, బొరియకో పక్షి. నోట్లో చేపల్ని అడ్డంగా పట్టుకుని, ఒకటా రెండా, వెండి తీగల్లాగ వేలాడతా ఉంటాయి. మనిషంటే భయం లేదండి వాటికి. ఈ చెప్పులు పెట్టి నేను కూర్చున్నాను. ఒకటొచ్చి, ఈ కొత్త బొరియ ఎవరిదా అని చెప్పులోకి చూసింది. నాకు ఊపిరాడలేదు. గట్టిగా గాలి పీలిస్తే ఎగిరిపోద్దేమోనని ఒకటే భయం. ఎంత చిన్న కళ్ళనుకున్నారు! ఆ కళ్ళలో నేనంటే ఏ అనుమానమూ లేదు. నన్నెవరూ అలా చూళ్ళేదండి ఎప్పుడూ."

లింబాద్రి చెప్పుల్ని గుండెలకు హత్తుకున్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు.

"మరి దుప్పి?" అన్నారెవరో.

"పొద్దున్నే కొండ మీద బాబా కారాపారండి. పొగమంచు అలా పక్కకు జరిగింది. నిలబడుంది, రాజులాగ. బాబా 'సుభానల్లా' అన్నారు. నేను 'గోవిందా' అన్నాను. అదేమో ఇద్దర్నీ చూసి, సరేలే అన్నట్టు గడ్డి మేసుకుంది."

నవ్వులు, చప్పట్లు ఒక్కసారే మొదలయ్యాయి. శాలువా మల్లేశ్వరి భుజాల మీద పడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు సోమరాజు. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి కాదు. ఆమె తిరిగొచ్చి ఇన్నాళ్ళయినా రీలు సంగతి అడిగాడు, లెన్సు మీద గీతలు పడ్డాయా అని అడిగాడు, అక్కడ ఎలా ఉందే అని మాత్రం అడగలేదు. అంత చూసొచ్చిన మనిషి తన పక్కనే కూర్చుని మైదా జిగురు ఉడికించింది.

ఇంటికి నడుస్తుండగా ఆగలేకపోయాడు.

"మల్లీ, ఆ హంసల చెరువు దగ్గర ఏం జరిగిందే?"

"అబ్బో, అది పెద్ద కథండి. చెప్పాలంటే ఓపిక కావాలి. వంట చేసుకుంటా చెప్పలేను."

"వంట నేను చేస్తాను, నువ్వు చెప్పు."

ఆ పూట సోమరాజు పప్పు మాడ్చాడు, హంసల కథ విన్నాడు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి వంకాయ కూర చేశాడు, ఇంద్రధనుస్సు కథ విన్నాడు. ఫోటోకో పూట వంట అని బేరం తెగిపోయింది. సీల్ జంతువుల కథకు చేపల పులుసు పడింది. రంగురంగుల పూలకొండ కథకు ఏకంగా బూరెలు అడిగింది. ఒక్కో పూట కథ మధ్యలో ఆపి "ఉప్పు చాల్లేదు" అనేది. ఆయన గరిటె చేత్తో పట్టుకుని, పొగమంచులో నిలబడినవాడిలా గుడ్లప్పగించి వినేవాడు.

చివరి ఫోటో కూడా అయిపోయిన రోజు గిన్నెలు తోముతూ సోమరాజు అటు తిరిగి, ఏమీ పట్టనట్టు అన్నాడు.

"అయితే ఖలాసే కదా. రేపట్నుంచి వంట నీదే."

"మామా అక్కడ ఇంకో రీలు కొనిచ్చారండి," అంది మల్లేశ్వరి మంచం మీద కాళ్ళు చాపుకుంటూ. "అది ఇంకా స్టూడియోకి ఇవ్వనే లేదు."

సోమరాజు చెయ్యి ఆగిపోయింది. తోముతున్న గిన్నె పక్కన పెట్టి ఇటు తిరిగాడు.

"రేపు కూరేం చెయ్యమంటావు?"